కంట్లో సబ్బు

కుక్కర్ కూత వేసేలోపు నేను నవ్వెయ్యాలి. కూత పడ్డాక దాన్ని దించాలి, అత్తయ్యకి మాత్రలివ్వాలి, పాపకి తల దువ్వాలి. ఆ తరువాత మళ్ళీ నవ్వుదామన్నా మధ్యాహ్నం దాకా తీరిక దొరకదు.

వంటగది కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని ఫోన్‌ని డబ్బాలకి ఆనించి నిలబెట్టాను. వెనక తెల్లగోడ తప్ప ఇంకేమీ కనిపించకూడదు కాబట్టి గోడకి వేలాడే గరిటెలన్నీ తీసి సింకులో పడేశాను. ముందు కోపం ఫోటో తీసుకున్నాను. అది ఒక్కసారికే వచ్చేసింది. భయం కూడా అంతే, పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. ఏడుపుకి కింది పెదవి విరిచి కనుబొమలు ముడిస్తే, పిల్లల బొమ్మల పుస్తకంలో ఏడుపులా చక్కగా కుదిరింది. చిక్కంతా నవ్వు దగ్గరే వచ్చింది. పళ్ళు కనిపించేలా నవ్వితే పేస్టు ప్రకటనలా ఉంది. పెదాలు మూసి నవ్వితే కడుపునొప్పి ఓర్చుకుంటున్నట్టుంది. కాఫీ కప్పు పెట్టడానికి వచ్చిన మా ఆయన గుమ్మంలో ఆగి, "ఏంటి, గోడని చూసి నవ్వుతున్నావా? మా దగ్గరేమో ముఖం మాడ్చుకుని తిరుగుతావు" అన్నాడు. హాస్యానికే అన్నాడు. కప్పుని సింకులో గరిటెల మీద పెట్టేసి, ఫోన్ మాట్లాడుకుంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

కాసేపటికి నేను పని ఆపి, బాత్రూములోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. తువ్వాలు భుజం మీద అలాగే ఉంది. మళ్ళీ ఫోన్ ముందు నిలబడి నవ్వాను. ఈసారి కుదిరింది. అప్పుడే కుక్కర్ కూడా కూత వేసింది.

ఆ ఫోటో పంపిస్తే మా టీమ్ లీడరు వెంటనే ఫోన్ చేశాడు. "చాలా సహజంగా ఉందండీ. చిన్నపిల్లలెవరైనా సరే ఇట్టే గుర్తుపట్టేస్తారు" అన్నాడు. ఎవరైనా మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు, అంత తొందరగా అరుగుతుందా? ఆ పూటంతా ఆ మాటే తలుచుకుంటూ అంట్లు తోముకున్నాను.

నా ఉద్యోగం ఆటిజం ఉన్న పిల్లలకి కంప్యూటర్ ఆటలు తయారుచెయ్యడం. పళ్ళు తోముకోవడం, గుండీలు పెట్టుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఎదుటివాళ్ళ ముఖం చూసి వాళ్ళు కోపంగా ఉన్నారో సంతోషంగా ఉన్నారో పోల్చుకోవడం, ఇలాంటివన్నీ ఆటలో పెట్టి నేర్పుతాం. బొమ్మలు నేను వేస్తాను. దేని తరువాత ఏది రావాలో నేను చూస్తాను. తెర మీద రంగులు ఎక్కువైతే పిల్లలు పాఠం వదిలేసి రంగునే చూస్తూ ఉండిపోతారనీ, గెలిచినప్పుడు బెలూను పగిలితే చెవులు మూసుకుని మంచం కింద దూరతారనీ నాకు ఏ చదువూ చెప్పలేదు. మా గువ్వ చెప్పింది. నోటితో కాదు, మంచం కింద దూరి చెప్పింది. అందుకే మా ఆటల్లో బెలూన్లుండవు. గెలిస్తే చిన్న గంట మోగుతుంది.

గువ్వ మా అమ్మాయి. పుట్టినప్పుడు గువ్వపిట్టలా ఒళ్ళో ముడుచుకుని పడుకునేదని ఆ ముద్దుపేరు పెట్టుకున్నాను. పిలిస్తే పలకదని తెలిశాక కూడా ఆ పేరు మార్చలేదు. "మీ ఇంట్లోనే పాప ఉండడం మన టీముకి పెద్ద అదృష్టమండీ" అంటాడు టీమ్ లీడరు. పాపం, అతని గొంతులో ఏ కల్మషమూ ఉండదు. కొత్త ఆట ఏది తయారైనా ముందు మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఆడాల్సిందే. గువ్వ ఎక్కడ ఆగిందో, ఎక్కడ విసుక్కుందో, ఎప్పుడు నా చెయ్యి కొరికిందో నేను వాళ్ళకి చెప్పాలి. వాళ్ళ భాషలో దాని పేరు ఫీల్డ్ టెస్టింగ్. నా భాషలో అది సాయంత్రం.

ఎవరైనా ఇంటికొచ్చి "మీ ఆవిడ ఏమైనా చేస్తుంటారా?" అని అడిగితే మా ఆయన దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. "ఆఁ, చేస్తుంది. పొద్దస్తమానం కంప్యూటర్లో ఆటలాడుకుంటుంది" అంటాడు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. నేనూ కాఫీలు అందిస్తూ నవ్వుతాను. ఆ కప్పులు కడిగి, అత్తయ్య కాళ్ళకి తైలం రాసి, గువ్వ విసిరేసిన అన్నం ఏరి, అప్పుడు ల్యాప్‌టాప్ తెరుస్తాను కాబట్టి నా ఆట ఎప్పుడూ ఇల్లు ఆదమరిచాకే మొదలవుతుంది. ఉద్యోగం మానెయ్యమని ఇంట్లో ఎవరూ అనలేదు. "నీ సరదా కోసం చేసుకుంటున్నావు, చేసుకో" అన్నారు. సరదా అన్నాక ఇక అలసట గురించి మాట్లాడే హక్కు మనకి ఉండదు కదా!

ఈ ఇంట్లో నా ముఖం గురించి బోలెడు నియమాలున్నాయి. ఫోనులో నా స్నేహితురాలితో మాట్లాడుతూ గట్టిగా నవ్వితే "నవ్వు నాలుగు విధాల చేటు" అంటుంది అత్తయ్య. నవ్వకుండా తిరిగితే "కోడలి ముఖం కళకళలాడుతుంటేనే ఇంటికి అందం" అంటుంది. గువ్వకి ఏముందో డాక్టరు తేల్చి చెప్పిన రోజు హాల్లో కూర్చుని ఏడుస్తుంటే, ఆవిడే నా పక్కన కూర్చుని, "ఊరుకో అమ్మా. ఆడది ఏడ్చిన ఇల్లు బాగుపడదు" అంది. కోపంతో కాదు, ప్రేమగానే అంది. ఆవిడకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. నాకు ఆ మాట తిట్టుకంటే గట్టిగా పట్టుకుంది. ఆ రోజు నుంచి నా ఏడుపుని బాత్రూములోకి మార్చేశాను. మా కొళాయి పూర్తిగా తిప్పితే బకెట్లో పడే నీళ్ళ హోరుకి లోపల మనిషి ఏం చేస్తోందో ఆ దేవుడికి కూడా వినపడదు. బయటికి రాగానే అత్తయ్యో, ఆయనో, "కళ్ళెందుకు అలా ఎర్రగా ఉన్నాయి?" అంటారు. "ఏం లేదు, కంట్లో సబ్బు పడింది" అంటాను. ఒక నవ్వు నవ్వి వంటగదిలోకి వెళ్ళిపోతాను. ఇంతమంది వాడే సబ్బు నా ఒక్కదాని కంట్లోనే ఎందుకు పడుతుందని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

నేను లోపలున్నంతసేపూ గువ్వ బాత్రూము తలుపు బయట నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. నీళ్ళ చప్పుడంటే ఇష్టమేమో అనుకునేదాన్ని. తలుపు తీయగానే నా ముఖంలోకి కాదు, నా నుదుటి మీదికి చూస్తుంది. ఆ పిల్ల మనుషుల కళ్ళలోకి చూడదు. చెవి పోగులు, చొక్కా గుండీలు, నుదుటి మీద వెంట్రుకలు, ఇవే దానికి మనుషులు.

గువ్వకి సొంత మాటలు తక్కువ. విన్న మాటలు ఎక్కువ. ఎవరన్న మాటని వాళ్ళ గొంతుతోనే, దీర్ఘాలతో సహా, ఎప్పుడో రెండు రోజుల తరువాత అప్పజెబుతుంది. అన్నం తింటూ తింటూ "పొద్దస్తమానం ఆటలాడుకుంటుంది" అంటుంది వాళ్ళ నాన్నలా. బంధువులు నిండుగా ఉన్న గదిలో "మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఇలా ఉందా?" అంటుంది నాయనమ్మలా. అందరూ ఒక్క క్షణం ఉలిక్కిపడి, ఆ తరువాత "అచ్చం చిలకే" అని నవ్వేస్తారు. "అవి అర్థం తెలిసి అనే మాటలు కావు, పట్టించుకోకండి" అన్నారు డాక్టర్లు. నేను పట్టించుకోవడం మానేశాను. ఎవరేమన్నా పట్టించుకోకుండా ఉండడం నాకు బాగా అలవాటైన పనే.

ముఖాల ఆటకి బొమ్మలు పనికిరావు, నిజం ముఖాలు కావాలన్నారు. అందులో 'అమ్మ' అని ఒక మెట్టుంది. అమ్మ ముఖం చూపిస్తే అది ఏ భావమో పిల్లలు నొక్కాలి. దానికి ఎవరినైనా నటిని పిలుద్దామా అని నేనంటే, "నటి ఎందుకండీ, మీరు నిజంగానే అమ్మ కదా" అన్నాడు టీమ్ లీడరు. అలా నా ముఖం ఎందరో పిల్లలకి అమ్మ ముఖమైంది. వాళ్ళందరూ నా కోపాన్ని కోపమన్నారు. నా భయాన్ని భయమన్నారు. నా నవ్వు రాగానే 'సంతోషం' నొక్కి గంట మోగించుకున్నారు. ఒక్క గువ్వ తప్ప.

గువ్వ నా నవ్వు ఫోటో రాగానే 'ఏడుపు' నొక్కింది. తప్పు నొక్కితే చెక్క తలుపు తట్టిన చప్పుడు వస్తుంది. అసలు తప్పుకి చప్పుడే వద్దని నేను చాలా పోట్లాడాను. "తప్పని తెలియాలి కదండీ" అన్నాడు టీమ్ లీడరు. సరే, ఉన్నవాటిలో మెత్తని చప్పుడు వెతికి పెట్టాను. టక్ టక్ మంది. గువ్వ మళ్ళీ 'ఏడుపే' నొక్కింది. నేను దాని వేలు పట్టుకుని 'సంతోషం' మీద పెట్టాను. గంట మోగింది. గువ్వ ముఖంలో ఏ మార్పూ లేదు. మర్నాడు మళ్ళీ అంతే. మిగతా ముఖాలన్నీ ఠక్కున చెబుతుంది, ఇది రాగానే 'ఏడుపు' అంటుంది. పైగా, "ఏం లేదు, కంట్లో సబ్బు పడింది" అని నా గొంతుతో పాఠం. "అది కాదమ్మా. సబ్బు సంగతి తరువాత. ఇటు చూడు, అమ్మ నవ్వుతోంది కదా" అని దాని గడ్డం పట్టుకుని తిప్పేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది. ఇద్దరిలో ఆ చెవిటి మనిషిని నేనేనని అప్పుడు తెలియదు.

ఇంకెప్పుడైనా అయితే "పోనీలే, ఒక్క ఫోటోనే కదా" అనుకునేదాన్ని. అప్పటికి గువ్వ వెళ్ళే చిన్న బడిలో, మా ఆటలతోనే పాఠాలు చెప్పే బడి అది, పై తరగతికి పిల్లల్ని ఎంచుతున్నారు. ముఖాల ఆట మొత్తం పూర్తిచేసిన పిల్లలే పై తరగతికి వెళ్తారు. పూర్తిచెయ్యనివాళ్ళకి వయసు దాటింది కాబట్టి ఆ బడిలో చోటుండదు. ఆ పరిస్థితి వస్తే ఏం చెయ్యాలో మా ఇంట్లో అప్పటికే నిర్ణయమైపోయింది. రైల్లో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో ఇలాంటి పిల్లలకి హాస్టలుంది. "అక్కడ అన్నీ తెలిసినవాళ్ళుంటారు. పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉంటారు. మనం ఎన్నాళ్ళని చూస్తాం?" అన్నాడు ఆయన. ఇన్నాళ్ళూ చూసినదాన్ని నేనైతే అలసిపోయినవాడు ఆయన. "దానికీ మంచిదే, నీకూ కాస్త తెరిపి" అంది అత్తయ్య. నేను వద్దని ఏడవలేదు, ఎందుకంటే హాల్లో ఉన్నాం. పరీక్షలో గట్టెక్కితే ఇక్కడే ఉంచుదాం, లేకపోతే నేను అడ్డు చెప్పకూడదు, అని ఆయన నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇచ్చాను. నా ఆట మీద నాకంత నమ్మకం.

టీమ్ లీడరుని ఆ ఒక్క ఫోటో మార్చమని అడిగాను. "ఫోటోలో లోపమేమీ లేదండీ, మిగతా పిల్లలందరూ సరిగ్గానే చెబుతున్నారు. పరీక్షల ముందు మారిస్తే బావుండదు. మీ పాపకే... ఏమీ అనుకోకండి, ఇంకా ఆ అవగాహన రాలేదేమో" అన్నాడు. నేను ఏమీ అనుకోలేదు. ఫోన్ స్పీకర్లో ఉండడం వల్ల మా ఆయన విన్నాడు. టీవీ చూస్తూనే, ఎవరితోనో అన్నట్టు మెల్లగా అన్నాడు. "కన్నతల్లి నవ్వు కూడా తెలియని పిల్ల. ఇంట్లో ఉంటే ఏంటి, హాస్టల్లో ఉంటే ఏంటి?"

ఆయన నన్ను నొప్పించడానికే ఆ మాట అనుంటే నేను తట్టుకునేదాన్ని. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. గువ్వకి సైకిలు కొనుక్కొచ్చి, అది దాని చక్రాన్ని మాత్రమే గంటల తరబడి తిప్పుతుంటే దూరంగా నిలబడి చూసిన మనిషి ఆయన. మగవాడు కాబట్టి హాల్లోనే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరూ ఇల్లు బాగుపడదనలేదు. నేను లేచి వెళ్ళి కొళాయి తిప్పుకున్నాను. ఆ రాత్రంతా నన్ను నమిలింది ఒకటే. ఆయనన్నది నిజమే కదా? ఒళ్ళంతా కరిగించి పెంచుతున్నాను. నా బిడ్డకి నా కోపం తెలుసు, నా భయం తెలుసు. నా నవ్వు తెలియదు. దానికి నేను ఎవరిని?

పరీక్ష రోజు నలుగురం వెళ్ళాం. ఆ గదిలో పిల్లల కుర్చీలే ఉన్నాయి. మా ఆయన మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేలా ఒకదాంట్లో ఇరుక్కున్నాడు. అత్తయ్య కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడింది. గువ్వకి అలవాటైనదని నా ల్యాప్‌టాప్‌నే పొట్టి బల్ల మీద పెట్టారు. టీచరమ్మ నెరిసిన జుట్టు మనిషి, గట్టిగా మాట్లాడదు. గువ్వ పక్కన నేల మీదే కూర్చుని, "మొదలుపెడదామా బంగారం?" అంది.

గంట మోగుతూనే ఉంది. తాతగారి కోపం, గంట. పాపాయి భయం, గంట. అమ్మ కోపం, గంట. అమ్మ ఏడుపు, ఆ పెదవి విరిచిన ఏడుపు, నేర్పినది నేర్పినట్టే నొక్కింది, గంట. మా ఆయన ముందుకి వంగాడు. నా నవ్వు వచ్చింది.

గువ్వ 'ఏడుపు' నొక్కింది. టక్ టక్. మళ్ళీ నొక్కింది. టక్ టక్. నేను ఏరి కోరి పెట్టిన ఆ మెత్తని చప్పుడు ఆ గదిలో ఎంత గట్టిగా వినిపించిందో చెప్పలేను. గువ్వ ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చేత్తో మళ్ళీ మళ్ళీ అదే నొక్కుతోంది. మొండితనం కాదు అది. ఎంత చెప్పినా ఎదుటివాళ్ళు వినకపోతే మనిషికి పుట్టే కంగారు. ఆ కంగారు నాకు తెలుసు. అత్తయ్య నిట్టూర్చింది. మా ఆయన కుర్చీలోంచి లేవబోయి, "ఇక చాలు టీచర్, దాన్ని కష్టపెట్టొద్దు" అన్నాడు.

అప్పుడు గువ్వ తెర మీద నా నుదుటి దగ్గర వేలు పెట్టింది. "తడి" అంది. అది దాని సొంత మాట. సొంత గొంతు. నేను ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. తరువాత నా వైపు తిరిగి నా నుదుటి మీద వెంట్రుకలు తడిమింది. "తడి లేదు" అంది. మళ్ళీ తెర మీద వేలు పెట్టి, "కంట్లో సబ్బు పడింది. ఏం లేదు, కంట్లో సబ్బు పడింది" అంది, ఈసారి నా గొంతుతో.

"సబ్బేంటమ్మా?" అంది టీచరమ్మ.

"ఏం లేదండీ, దానికది అలవాటు. ఎవరో అన్నది ఊరికే అప్పజెబుతుంది" అన్నాడు మా ఆయన.

ఆ ఫోటోని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అంచులు కత్తిరించింది నేను, వెలుతురు సరిచేసింది నేను. అయినా అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాను. నుదుటి మీద వెంట్రుకలు తడిసి అతుక్కుని ఉన్నాయి. చెవి కింద ఒక నీటి బొట్టుంది. భుజం మీద తువ్వాలు అంచు కనిపిస్తోంది. ఆ పొద్దున బాల్కనీలోంచి వినిపించిన మాటలు గుర్తొచ్చాయి. "ఆఁ, అమ్మాయేనండీ. ఒక సీటు ఉంచండి. వాళ్ళమ్మకి నేను మెల్లగా నచ్చజెబుతాను." నాతో ఒక్క మాటైనా అనకముందే ఆయన ఆ హాస్టలుకి ఫోన్ చేశాడు. కెమెరా ముందు నవ్వడం ఆపి నేను వెళ్ళింది ఏడవడానికి. తలుపు బయట గువ్వ కూర్చుని ఉంది. నేను బయటికొచ్చి, దాన్ని దాటుకుని వెళ్ళి, ఆ తడి ముఖంతోనే నవ్వాను.

నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని సామెత. అది కట్టిన మహానుభావుడు ఏ ఉద్దేశంతో కట్టాడో గానీ, దాన్ని ఈ లోకంలో సరిగ్గా పాటించింది నా కూతురొక్కతే. మిగతా పిల్లలందరూ నా పెదాలు చూసి మోసపోయారు. పెద్దవాళ్ళయితే సరేసరి. పెదాలు చూడడం చేతకాని పిల్ల నా నుదురు చూసింది. నీళ్ళ చప్పుడు, ఆ తరువాత తడి, ఆ తరువాత సబ్బు, ఆ తరువాత నవ్వు, ఈ నాలుగూ కలిస్తే ఏమంటారో ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. దానికే నేను ఇన్నాళ్ళూ వేలు పట్టుకుని అబద్ధం నేర్పుతున్నాను. అబద్ధం చెప్పినప్పుడల్లా గంట మోగిస్తున్నాను. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. కానీ దానితోపాటే, ఎందుకో తెలియని ఒక ఊరట కూడా. ఒకరికి తెలుసు. ఇన్నేళ్ళూ ఒకరికి తెలుసు.

"పాప తప్పు చెప్పలేదు టీచర్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ ఫోటోకి ముందు నేను ఏడ్చాను. ముఖం కడుక్కుని వచ్చి నవ్వాను. దానికి అది తెలుసు."

అత్తయ్య గోడ వదిలి ముందుకొచ్చింది. "ఎప్పుడేడ్చావే? మాకెప్పుడూ కనపడలేదే!"

"ఆడది ఏడిస్తే ఇల్లు బాగుపడదన్నారు కదత్తయ్యా. కొళాయి తిప్పుకుని ఏడ్చాను."

ఆవిడ మళ్ళీ వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. ఆవిడకి నా మాట కొత్తగా తోచలేదని, ఆవిడ కూడా ఎక్కడో ఎప్పుడో ఒక కొళాయి తిప్పుకునే ఉంటుందని నాకనిపించింది. మా ఆయన ముఖం ఎర్రబడింది. "అందరి ముందూ ఇప్పుడివన్నీ ఎందుకు?" అన్నాడు.

టీచరమ్మ ఆయన వైపు చూడలేదు. "అయితే తప్పు ఫోటోది. దాన్ని తీసేద్దాం. మీరు నిజంగా నవ్విన ఫోటో ఒకటి ఇవ్వండి, ఇప్పుడే పెట్టి చూద్దాం. గుర్తుపడితే పాప గట్టెక్కినట్టే" అంది నాతో.

"అదెంత పని!" అంటూ మా ఆయన ఫోన్ తీశాడు. తన వైపు నుంచి తప్పు దిద్దుకునే దారి దొరికినట్టు హుషారుగా తీశాడు. "బోలెడున్నాయి. ఇదిగో, గువ్వ పుట్టినరోజుది" అని ఫోన్ గువ్వ ముందు పెట్టాడు. అందులో నేను కేకు పళ్ళెం పట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాను. గువ్వ చూసింది. నాయనమ్మ గొంతుతో, "అందరి ముందూ ఆ ఇకిలింపేంటి, లోపలికెళ్ళి పని చూడు" అంది.

అత్తయ్య తల దించుకుంది. మా ఆయన గబగబా వేలితో తోశాడు. కొండ మీదికి వెళ్ళినప్పటి ఫోటో వచ్చింది. గాలికి జుట్టు ఎగురుతుంటే నవ్వుతున్నాను. గువ్వ వాళ్ళ నాన్న గొంతుతో, "ఎన్నిసార్లు తియ్యాలి? ఒక్క ఫోటోకైనా సరిగ్గా నవ్వి చావు" అంది.

ఆ గదిలో ఇక ఎవరూ చిలక అనలేదు. మా ఆయన వేలు తెర మీద కదులుతూనే ఉంది. కానీ ఇప్పుడు మెల్లగా కదులుతోంది. ఒక్కో ఫోటో దగ్గరా ఆగుతోంది. నాకు అక్కణ్ణుంచి ఫోటోలు కనబడడం లేదు, ఆయన ముఖమే కనబడుతోంది. చాలా ఫోటోల్లో నేను ఉండను కూడా. తీసింది నేను కాబట్టి. ఉన్నవాటిలో నన్ను ఆయన బహుశా మొదటిసారి చూస్తున్నాడు. వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళాడు. పెళ్ళినాటి దాకా వెళ్ళాడేమో. ఏ ఒక్కటీ గువ్వ ముందు పెట్టడానికి ధైర్యం చాలక, ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

నేను ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళి, ఆటని ఆపి, నా నవ్వుని తీసేశాను. అంత కష్టపడి వచ్చిన నవ్వు ఒక్క నొక్కుకే పోయింది. అది ఉన్నచోట బూడిదరంగు గడి ఒకటి మిగిలింది. గువ్వ ఆ గడిని చూసి చెవి మీద నుంచి చెయ్యి తీసింది. చప్పుడేమీ రాలేదు. టీమ్ లీడరు ఫోన్ చేసి అడుగుతాడు, అడగనీ. మిగతా పిల్లలకి కూడా ఆ అబద్ధం ఇక నా ముఖంతో నేర్పను.

"మరి ఇప్పుడెలా?" అన్నాడు మా ఆయన. గొంతు బాగా తగ్గిపోయింది.

"నేనిచ్చిన మాట, పాప తప్పితే కదా. తప్పింది పాప కాదు. బడిలో చోటున్నా లేకపోయినా అది నా దగ్గరే ఉంటుంది. హాస్టలుకి ఫోన్ చేసి ఆ సీటు వేరే ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పండి."

సీటు సంగతి నాకెలా తెలుసని ఆయన అడగలేదు. టీచరమ్మ బూడిదరంగు గడి వైపు చూపించి, "దీన్ని ఏం చేద్దామమ్మా?" అంది.

గువ్వ నా పక్కకొచ్చి నిలబడి నా నుదుటి మీద వెంట్రుకలు మళ్ళీ తడిమి చూస్తోంది. దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఖాళీగానే ఉండనివ్వండి టీచర్. ఎప్పుడో ఒకరోజు నేను నిజంగా నవ్వుతాను. ఆ రోజు అది నవ్వో కాదో చెప్పడానికి మా ఇంట్లో ఒక్క మనిషైనా ఉండాలి కదా."